అమెరికాలో మీ పేరు మీద వారెంటు ఉందేమో చూసుకోవడం, ఉంటే తీయించుకోవడం ఎలా?

నాకు తెలిసిన ఒక అబ్బాయికి డాలస్ పక్కన ఎం.ఎస్. చదివే రోజుల్లో స్పీడింగ్ టికెట్ పడింది. తర్వాత కోర్సు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, అపార్ట్‌మెంట్ మారాడు. ఆ హడావుడిలో టికెట్ సంగతి మర్చిపోయాడు. ఏడాదిన్నర తర్వాత ఒక రాత్రి, వెనక లైటు వెలగడం లేదని పోలీసు కారు ఆపాడు. లైసెన్సు తీసుకుని తన కారు దగ్గరికి వెళ్లిన ఆఫీసరు ఎంతకీ రాలేదు. వచ్చాక అడిగిన మొదటి మాట: "మీ మీద వారెంటు ఉంది, తెలుసా?" ఆ రాత్రంతా జైల్లోనే. కోర్టు పంపిన ఉత్తరాలన్నీ పాత అడ్రసుకే వెళ్లాయి.

ముందే తెలుసుకుని కోర్టుకు వెళ్లి ఉంటే ఒక్క పూటలో తేలిపోయే పని అది. ఎప్పుడో పడిన టికెట్ గురించి మీకు ఏ మూలో అనుమానం ఉంటే ఈ వారమే చూసుకోండి. రూల్స్ ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటాయి. మనవాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సాస్ ఉదాహరణలే ఇక్కడ ఎక్కువగా ఇస్తున్నాను.

ముందు, ఏ వారెంటో తెలియాలి

అరెస్టు వారెంటు అంటే, మీరు నేరం చేశారని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నాయని పోలీసులు ప్రమాణం చేసి చెబితే జడ్జి ఇచ్చేది. బెంచ్ వారెంటు జడ్జి తనంతట తాను ఇస్తారు. వాయిదాకు రాలేదనో, ఫైన్ కట్టలేదనో, కోర్టు చెప్పిన క్లాసు పూర్తి చేయలేదనో ఇస్తారు. టెక్సాస్‌లో తీర్పు అయ్యాక ఫైన్ కట్టనివాళ్ల మీద ఇచ్చే దాన్ని కేపియస్ ప్రో ఫైన్ అంటారు. కోర్టు సైటులో ఆ మాట కనిపిస్తే అదీ అరెస్టు చేయమనే ఉత్తర్వే.

"పాతదైపోయింది, ఈపాటికి పోయి ఉంటుందిలే" అనుకోకండి. ఎన్నేళ్లయినా దానంతటదే మాసిపోదు. ఇండియాకు వెళ్లి రెండేళ్లు ఉండి వచ్చినా అలాగే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ ఆఫీసరు కంప్యూటర్‌లో బయటపడినా పడొచ్చు.

ఏ కోర్టో పట్టుకోండి

చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. టికెట్ కాగితం ఉంటే కోర్టు పేరు, సైటేషన్ నంబరు దాని మీదే ఉంటాయి. కాగితం పోతే, కారు ఎక్కడ ఆపారో, ఆపింది ఎవరో గుర్తు చేసుకోండి. టెక్సాస్‌లో సిటీ పోలీసు ఇచ్చిన టికెట్ సాధారణంగా ఆ ఊరి మునిసిపల్ కోర్టుకు వెళ్తుంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) పోలీసు అధికారి అయిన షెరిఫ్ మనుషులో, రాష్ట్ర పోలీసైన స్టేట్ ట్రూపరో ఇస్తే, చిన్న కేసులు చూసే జస్టిస్ ఆఫ్ ద పీస్ కోర్టుకు వెళ్తుంది. మనం అంతా "డాలస్" అనేస్తాం కానీ ప్లేనో ఎక్కువగా కాలిన్ కౌంటీలోకి వస్తుంది, ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింటిలోనూ ఉంది. డాలస్ కౌంటీ సైటులో పేరు లేదని ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు.

పేరు వెతకడం

కొన్ని రాష్ట్రాల్లో పని తేలిక. యూటాలో రాష్ట్రం మొత్తానికి వారెంట్లు వెతికే ప్రభుత్వ సైటు ఉంది. ఫ్లోరిడాలో రాష్ట్ర పోలీసు విభాగం వాంటెడ్ జాబితాలో పేరు పెట్టి చూడొచ్చు. మేరీల్యాండ్‌లో కోర్టుల కేస్ సెర్చ్ ఉంది. టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో అలా అన్నీ ఒకేచోట దొరకవు. సిటీ కోర్టు సైటు, కౌంటీ కోర్టు సైటు, షెరిఫ్ సైటు, ఒక్కొక్కటీ తెరిచి చూడాల్సిందే.

ఇక మన పేర్ల గొడవ ఉంది. దీని మీద కాస్త సమయం పెట్టండి. ఇంటిపేరు ముందుంటుందా చివర ఉంటుందా అన్న తికమకలో ఆఫీసరు పేరును తిరగేసి రాసి ఉండొచ్చు. రెండు ముక్కల పేరులో ఒక ముక్క ఎగిరిపోయి ఉండొచ్చు. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉండి, రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లకు వీసా మీద "ఎఫ్.ఎన్.యు." అని పడుతుంది. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదని. అదే లైసెన్సు మీదకు, అక్కణ్నుంచి టికెట్ మీదకు ఎక్కుతుంది. అలాంటివాళ్లు ఫస్ట్ నేమ్ గడిలో ఆ మూడక్షరాలు కొట్టి కూడా చూడాలి. నేనైతే పేరును నాలుగు రకాలుగా కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ వెతికాక టిక్కు పెట్టమంటాను. పుట్టినతేదీలో ముందు నెల, తర్వాత రోజు అని మర్చిపోకండి. మీ పేరే కనిపించినా పుట్టినతేదీ కలవకపోతే అది వేరే ఎవరో కావచ్చు.

సైటులో కనిపించలేదంటే వారెంటు లేదని కాదు. అరెస్టు వారెంట్లు కొన్ని అమలయ్యేదాకా బయటపెట్టరు. కొన్ని కోర్టులు సైటును ఆలస్యంగా అప్‌డేట్ చేస్తాయి. పోలీసులు చూసే ఎన్.సి.ఐ.సి. డేటాబేస్‌ను ఎఫ్.బి.ఐ. 1967 నుంచి నడుపుతోంది కానీ మనలాంటివాళ్లం అందులో వెతకలేం. అన్ని రకాల రికార్డులూ చూపిస్తామని డబ్బు అడిగే ప్రైవేటు సైట్ల జోలికి వెళ్లకండి, వాటిలో పాత సమాచారం ఉంటుంది.

క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేయండి

ట్రాఫిక్ టికెట్ లాంటి చిన్న కేసైతే కోర్టు క్లర్క్‌కు ఫోన్ చేసి సైటేషన్ నంబరో, పేరూ పుట్టినతేదీనో చెప్పి అడగండి. వారెంటు ఉందా, కేసు నంబరు ఎంత, బాండ్ (బెయిల్ మొత్తం) ఎంత, తీయించుకోవాలంటే ఏం చేయాలి: ఈ నాలుగు ప్రశ్నలు. జవాబులు రాసుకోండి. జరిగినదాని గురించి మీ వైపు కథ ఫోన్లో చెప్పొద్దు. పోలీస్ స్టేషన్‌కు వెళ్లి కౌంటర్ దగ్గర "నా మీద వారెంటు ఉందా?" అని మాత్రం అడగకండి. ఉంటే అక్కడే పట్టుకుంటారు.

అటునుంచే ఫోన్ వచ్చి "మీ మీద వారెంటు ఉంది, ఇప్పుడే గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పండి" అంటే అది నూటికి నూరుపాళ్లు మోసం. ఏ కోర్టూ, ఏ షెరిఫ్ ఆఫీసూ అలా అడగవు. పెట్టేసి, కోర్టు నంబరు మీరే వెతుక్కుని ఫోన్ చేయండి.

బెంచ్ వారెంటు తీయించుకోవడం

టెక్సాస్‌లో గరిష్ఠంగా 500 డాలర్ల ఫైన్ తప్ప జైలు శిక్ష లేని కేసులను క్లాస్ సి అంటారు. మామూలు స్పీడింగ్ టికెట్లు ఈ కోవలోవే. వీటికి 2017లో చట్టం మార్చి మంచి పని చేశారు. మొదటి వాయిదాకు రాకపోతే, వారెంటు ఇచ్చే ముందు ఫోన్ ద్వారానో పోస్టు ద్వారానో నోటీసు ఇవ్వాలి. మనిషి తనంతట తాను వచ్చి కేసు తేల్చుకోవడానికి నిజాయితీగా ప్రయత్నిస్తే, ఆ వారెంటును జడ్జి వెనక్కి తీసుకోవాలి. అయితే పోలీసులు పట్టుకోకముందే మీరు వెళ్లాలి. పట్టుబడ్డాక ఈ వెసులుబాటు లేదు.

కోర్టుకు పొద్దున్నే వెళ్లండి, శుక్రవారం సాయంత్రం వద్దు. ఐడీ, ఉన్న కాగితాలన్నీ, అడ్రసు మారినట్టు చూపే లీజు తీసుకెళ్లండి. వేరే రాష్ట్రానికి వెళ్లిపోయి ఉంటే, కేసు ఉన్న ఊరి ట్రాఫిక్ లాయరును పెట్టుకోండి. చాలా చోట్ల మీరు రాకుండానే లాయరు వారెంటు రద్దుకు పిటిషన్ వేసి కొత్త వాయిదా తెస్తారు.

డబ్బు లేకపోతే ఆ మాట జడ్జికే చెప్పండి. కట్టలేని మనిషిని కట్టలేదన్న ఒక్క కారణంతో, ఎందుకు కట్టలేకపోయాడో విచారించకుండా జైలుకు పంపకూడదని సుప్రీంకోర్టు 1983లో బేర్డెన్ వర్సెస్ జార్జియా కేసులో చెప్పింది. వాయిదాల్లో కట్టడం, కమ్యూనిటీ సర్వీస్ లాంటి దారులు ఉంటాయి.

ఆన్‌లైన్‌లో ఫైన్ కట్టేసి వదిలించుకుందాం అనిపిస్తుంది. చాలా చోట్ల అలా కట్టడమంటే తప్పు ఒప్పుకున్నట్టే. కట్టినంత మాత్రాన వారెంటు పోతుందో లేదో, డిఫెన్సివ్ డ్రైవింగ్ (జాగ్రత్తగా నడపడం నేర్పే క్లాసు) లాంటి దారి ఉందో లేదో ముందు అడగండి.

అరెస్టు వారెంటైతే

ఇక్కడ ఒంటరిగా ఒక్క అడుగూ వేయకండి. గొడవ, దొంగతనం ఆరోపణ, తాగి నడపడం, ఏదైనా సరే, ముందు క్రిమినల్ లాయరు. డిటెక్టివ్ ఫోన్ చేసి "ఒకసారి వచ్చి మాట్లాడండి, అంతా సర్దుకుంటుంది" అన్నా, లాయరుతో మాట్లాడి చెప్తానని మర్యాదగా పెట్టేయండి. మాట్లాడకుండా ఉండే హక్కు మీకుంది.

ఎప్పుడు, ఎక్కడ లొంగిపోవాలో లాయరు మాట్లాడి పెడతారు. బెయిల్ ఏర్పాటు ముందే చేసుకుంటే లోపల ఉండే సమయం తగ్గుతుంది. మీ తరఫున బెయిల్‌కు పూచీ ఉండే బాండ్ కంపెనీలు మామూలుగా మొత్తంలో 10 శాతం దాకా తీసుకుంటాయి, అది తిరిగిరాదు. వెళ్లే ముందు ముఖ్యమైన ఫోన్ నంబర్లు కాగితం మీద రాసుకోండి. ఫోన్ మీ దగ్గర ఉంచరు, మనలో ఎవరికీ నంబర్లు గుర్తుండవు. వాడే మందుల పేర్లు కూడా రాసుకోండి. అరెస్టయిన విదేశీ పౌరుడు కోరితే తన దేశపు కాన్సులేట్‌కు తెలియజేయాలి, ఆ హక్కు 1963 వియన్నా ఒప్పందంలో ఉంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఆగి చదవాల్సిన మాట

కోర్టులో చిన్నదిగా కనిపించే రాజీ ఇమిగ్రేషన్ దగ్గర పెద్దదవుతుంది. తప్పు ఒప్పుకుని, "ఆరు నెలలు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తాం" అన్న ఒప్పందానికి సంతకం పెడితే, రాష్ట్ర కోర్టులో శిక్ష లేనట్టే అయినా ఇమిగ్రేషన్ చట్టం దాన్ని శిక్షగా లెక్కించే ప్రమాదం ఉంది. తాగి నడిపిన కేసులో అరెస్టయితే, కోర్టులో తేలకముందే వీసా రద్దు చేసే పద్ధతీ ఉంది. అందుకే ఏ క్రిమినల్ కేసులోనైనా ఒప్పుకునే ముందు ఇమిగ్రేషన్ లాయరుకు చూపించండి. 2010లో పడియా వర్సెస్ కెంటకీ తీర్పు వచ్చాక, దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉంటే ఆ సంగతి క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయరు బాధ్యత కూడా. తర్వాత వీసా దరఖాస్తుకు నింపే డి.ఎస్. 160 ఫారంలో అరెస్టు గురించి అడిగితే, కేసు కొట్టేసినా సరే, నిజమే రాయాలి.

కాగితం చేతికి వచ్చాకే పని అయినట్టు

వారెంటు రద్దయిందని క్లర్క్ నోటితో చెబితే చాలదు. కోర్టు సీలు ఉన్న సర్టిఫైడ్ కాపీ అడిగి తీసుకోండి. దాని ఫోటో ఫోన్లో, అసలు కాగితం కొన్నాళ్లు కారులో ఉంచండి. కోర్టు కంప్యూటర్‌లో పోయినా పోలీసు కంప్యూటర్‌లో పోవడానికి టైమ్ పట్టొచ్చు. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి అడగండి. లైసెన్సు రెన్యువల్ మీద హోల్డ్ పెట్టి ఉంటే అది వారెంటుతో పాటు పోదు, దాన్ని విడిగా తీయించాలి.

చివరగా అడ్రసు. ఇల్లు మారిన 10 రోజుల్లో ఇమిగ్రేషన్‌కు అడ్రసు మార్పు తెలిపే ఏ.ఆర్. 11 ఫారం నింపాలని మనలో చాలామందికి తెలుసు. కానీ అది ఇమిగ్రేషన్‌కే తెలుస్తుంది, కోర్టుకు వెళ్లదు. టెక్సాస్‌లో లైసెన్సు అడ్రసు 30 రోజుల్లో విడిగా మార్చుకోవాలి. కోర్టులో ఏ కేసు నడుస్తున్నా, కేసు నంబరు రాసి కొత్త అడ్రసు ఆ క్లర్క్‌కు కూడా పంపండి.