డెస్క్‌టాప్ యాప్‌లోనే తెలుగు ఫాంట్‌ను పెట్టి పంపడం ఎలా?

మీ సిస్టమ్‌లో ముత్యాల్లా కనిపించిన అక్షరాలు వాడేవాళ్ల సిస్టమ్‌లో అలాగే ఉంటాయన్న నమ్మకం లేదు. మీరు ఎంచుకున్న ఫాంట్ అక్కడ లేకపోతే విండోస్ దాని బదులు నిర్మలా యూఐ లాంటిదేదో వాడుకుంటుంది. కొలతలు మారి బటన్ల మీది మాటలు తెగిపోతాయి. అందుకే ఫాంట్‌ను యాప్‌లోనే పెట్టేయాలి. సీ ప్లస్ ప్లస్‌తో, క్యూట్‌లో (Qt, విండోలు, బటన్లు ఉన్న యాప్‌లు రాసేందుకు వాడే లైబ్రరీ) రాసిన యాప్‌లో ఆ పని ఇలా చేయవచ్చు.

1. ముందు లైసెన్స్ చూడండి. విండోస్‌తో వచ్చిన ఫాంట్ ఫైళ్లను కాపీ చేసి పంచకూడదు. మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు ఓపెన్ ఫాంట్ లైసెన్స్ కింద దొరుకుతాయి. అమ్మే యాప్‌లో కూడా పెట్టుకోవచ్చు. లైసెన్స్ పాఠాన్ని మాత్రం తప్పక జతచేయాలి.

2. బోల్డ్ కావాలంటే దాని ఫైలు కూడా తీసుకోండి. మండలిలో రెగ్యులర్ ఒక్కటే ఉంది. దాన్ని బోల్డ్ చేయమంటే క్యూట్ గీతలను కృత్రిమంగా లావు చేస్తుంది, వత్తులు అలుక్కుపోతాయి. ఇలాంటి చోట నోటో నయం.

3. ఫైళ్లను ప్రాజెక్టులోని ఫాంట్స్ ఫోల్డర్‌లో పెట్టి, క్యూఆర్‌సీ ఫైల్లో (ప్రోగ్రామ్‌లో కలపాల్సిన ఫైళ్ల జాబితా, .qrc) చేర్చండి. బిల్డ్ చేశాక అవి ప్రోగ్రామ్‌లోనే కలిసిపోతాయి.

4. మెయిన్ ఫంక్షన్‌లో క్యూఅప్లికేషన్ ఆబ్జెక్టు తయారయ్యాకే క్యూఫాంట్‌డేటాబేస్‌లోని యాడ్‌అప్లికేషన్‌ఫాంట్‌ను పిలవండి. ఫైలు దారి కోలన్, స్లాష్‌తో మొదలవ్వాలి. మైనస్ 1 తిరిగొస్తే ఫాంట్ లోడ్ కాలేదన్నమాట. చాలావరకు ఫైలు దారి రాయడంలోనే పొరపాటు ఉంటుంది. వేరే సంఖ్య వస్తే దాన్ని అప్లికేషన్‌ఫాంట్‌ఫ్యామిలీస్‌కు ఇచ్చి, అది చెప్పిన పేరే వాడండి. ఫైలు పేరు చూసి ఫాంట్ పేరు ఊహించి రాయవద్దు, రెండూ ఒకటే కావాలని లేదు. పేరు తప్పినా క్యూట్ ఎర్రర్ చూపదు, చడీచప్పుడు లేకుండా ఇంకో ఫాంట్ వేసేస్తుంది.

5. ఆ పేరుతో క్యూఫాంట్ చేసి, సెట్‌ఫాంట్‌తో యాప్ మొత్తానికీ పెట్టండి.

6. పరీక్షించే ముందు మీ సిస్టమ్‌లో అదే ఫాంట్ ఇన్‌స్టాల్ అయి ఉంటే తీసేయండి. లేదంటే లోడ్ కాకపోయినా అయినట్టే కనిపిస్తుంది. క్యూఫాంట్‌ఇన్ఫో నిజంగా వాడుతున్న ఫాంట్ పేరు చెబుతుంది, దాన్ని ఒకసారి ప్రింట్ చేసి చూడండి. తర్వాత లేబుల్‌లో 'స్త్రీ', 'రాష్ట్రం', 'జ్ఞానం' పెట్టి చూడండి. వత్తులు విడిపోయి పక్కన నిలబడితే ఫాంట్‌లోని జీసబ్ (GSUB) పట్టికను, అంటే ఏ అక్షరాలు కలిస్తే ఏ రూపం వేయాలో చెప్పే పట్టికను, అనుమానించాలి. సైజు తగ్గించడానికి అక్కర్లేని అక్షరాలు తీసేసి ఫాంట్‌ను కత్తిరించినప్పుడు అది పోయి ఉండవచ్చు. వత్తుల అడుగు తెగిపోతుంటే తప్పు ఫాంట్‌ది కాదు. ఇంగ్లీషు అక్షరాల కొలతకు బిగించిన బటన్ ఎత్తును వదులు చేయండి.