అమెరికా జైలు నుంచి ఫెడరల్ కోర్టులో పౌర హక్కుల దావా: దరఖాస్తు విధానం

అమెరికాలో రాష్ట్ర, కౌంటీ (మన జిల్లా లాంటిది) జైళ్లలో సిబ్బంది ఖైదీని అన్యాయంగా కొట్టినా, జబ్బుపడ్డాడని తెలిసీ వైద్యం అందకుండా చేసినా సెక్షన్ 1983 కింద ఫెడరల్ (కేంద్ర) జిల్లా కోర్టులో దావా వేయొచ్చు. 1871 నాటి పౌర హక్కుల చట్టం ఇది. పౌరసత్వం లేనివారికీ వర్తిస్తుంది కాబట్టి వీసా మీద వెళ్లి జైలుపాలైన మనవాళ్లకూ ఈ హక్కుంది. ఫెడరల్ జైళ్లకు మాత్రం దారి వేరు.

కోర్టుకెక్కే ముందు జైల్లోనే గ్రీవెన్స్ (జైలు అధికారులకు రాతపూర్వక ఫిర్యాదు) పెట్టాలి. 1996 చట్టం ప్రకారం ఇది తప్పనిసరి. జవాబు అనుకూలంగా రాకపోతే అప్పీలు, ఆపైన ఇంకో అంచె ఉంటే అదీ గడువులోగా పూర్తిచేయాలి. గడువు దాటాక పెట్టిన గ్రీవెన్స్ చెల్లదని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. నిజంగా దెబ్బలు తిన్నవాళ్ల కేసులు కూడా ఇక్కడే కొట్టుకుపోవడం చాలా బాధాకరం. అందుకే ప్రతి కాగితానికీ నకలు ఉంచుకోండి. జిరాక్స్ దొరక్కపోతే చేత్తోనే రాసుకోండి. సిబ్బంది ఫారమే ఇవ్వకపోతే ఏ రోజు, ఎవరిని అడిగారో రాసిపెట్టండి. అందుబాటులో లేని మార్గాన్ని పూర్తిచేయనక్కర్లేదని 2016లో అదే కోర్టు చెప్పింది.

ఆ తర్వాత ఘటన జరిగిన ప్రాంతంలోని ఫెడరల్ జిల్లా కోర్టు క్లర్కుకు ఉత్తరం రాసి ఖైదీల ఫిర్యాదు ఫారం అడగండి. అందులో ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో సూటిగా రాయాలి. సెక్షన్ 1983 కింద రాష్ట్రాన్నే ప్రతివాదిగా పెడితే నిలవదు, ఆ పని చేసిన ఉద్యోగుల పేర్లు కావాలి. లాయరు లేకపోతే సంతకం ఖైదీదే ఉండాలి, ఇంట్లోవాళ్లు చేస్తే చెల్లదు.

ఫీజు 405 డాలర్లు. కట్టలేనివారు ఆరు నెలల జైలు ఖాతా స్టేట్‌మెంట్ జతచేసి మినహాయింపు అడిగితే 55 డాలర్లు తగ్గుతాయి. మిగతా 350 వాయిదాల్లో వసూలవుతుంది. మొదటి విడత పోగా, ఆ తర్వాత ఖాతాలో 10 డాలర్లు దాటినప్పుడల్లా అంతకుముందు నెల జమల్లో 20 శాతం కోస్తారు. ఇంటి నుంచి పంపే డబ్బులోనూ ఈ కోత పడుతుంది. ఖాతా ఖాళీగా ఉన్నా కేసు మాత్రం తీసుకోవాల్సిందే. పసలేనివంటూ గతంలో మూడు కేసులు కొట్టేసి ఉంటే ఈ వాయిదాల వెసులుబాటు ఉండదు, ప్రాణాపాయం లాంటి తక్షణ ముప్పు ఉంటే తప్ప.

దావా గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో రెండేళ్లు. తపాలా కోసం జైలు సిబ్బందికి కవరు అందించిన రోజే దాఖలు చేసిన రోజుగా లెక్క. ఆ తేదీన కవరు అందించానని రాసి, ప్రమాణపూర్వకంగా సంతకం చేసిన కాగితం లోపల పెట్టండి.