సిగ్గా, భయమా? తమ మీద తమకున్న చిన్నచూపును కొలిచేటప్పుడు

బెంగళూరులోని తెలుగువాళ్లలో గే, లెస్బియన్, బైసెక్సువల్ వ్యక్తులకు తమ మీద తమకే ఎంత చిన్నచూపు ఉందో కొలవడానికి కొత్త ప్రశ్నాపత్రం రాయక్కర్లేదు. అమెరికా మనస్తత్వవేత్త హెరెక్ బృందం 2009లో వాడిన, ఈ చిన్నచూపునే కొలిచే ఐదు వాక్యాల స్కేలు (ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఐహెచ్‌పి-ఆర్) చాలు. ఒక్కో వాక్యానికి 1 (అస్సలు ఒప్పుకోను) నుంచి 5 (పూర్తిగా ఒప్పుకుంటాను) వరకు గుర్తు పెట్టించి, సగటు తీస్తారు. 2, 1, 4, 1, 2 వస్తే మొత్తం 10, స్కోరు 2.0.

చిక్కంతా తెలుగులోకి తేవడంలోనే ఉంది. ‘స్వలింగ సంపర్కం’ అని రాస్తే పోలీసు కేసు వాసన వస్తుంది, ‘ఆకర్షణ’ అనండి. ‘ఆకర్షితుడిని’ అంటే ఆడవాళ్లకు నప్పదు, ‘నాకు ఆకర్షణ కలుగుతుంది’ అంటే అందరికీ సరిపోతుంది. ‘ఇష్టం లేదని అనుకోను’ లాంటి రెండు కాదులున్న వాక్యానికి ఏ అంకె పెట్టాలో ఎవరికీ తెలియదు. ఇద్దరు విడివిడిగా అనువదించాక, మూలం చూడని మూడో మనిషి చేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించండి. ఆ తర్వాత ఎనిమిది, పదిమందిని కూర్చోబెట్టి, ఏమనుకుని ఆ అంకె పెట్టారో పైకి చెప్పమనండి. ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ, దెబ్బ తినేదీ ఇక్కడే.

ఉదాహరణకి, ‘నేను ఇలా కాకపోయి ఉంటే బాగుండేది’ దగ్గర ఒకరు 5 పెడతారు. ఎందుకని అడిగితే ‘ఊళ్లో సంబంధాలు చూస్తున్నారు, అమ్మ ఫోన్ ఎత్తాలంటేనే భయం’ అంటారు. తన మీద తనకు ఏవగింపేమీ లేదు, ఉన్నదల్లా ఇంటి ఒత్తిడి. అందుకే ఆ ఆకర్షణను ఇతరుల దగ్గర దాచుకోవడాన్ని వేరే కొలవాలి. మోర్, కెండ్రా అనే పరిశోధకులు 2011లో సవరించిన 27 వాక్యాల స్కేలులో దానికి విడి భాగం ఉంది. అక్కడ అంకెలు 1 నుంచి 6 దాకా, కాబట్టి తిరగేసి లెక్కించాల్సిన (అర్థం ఎదురుగా ఉన్న) వాక్యాలకు 7 లోంచి జవాబు తీసేయాలి.

ఐహెచ్‌పి-ఆర్‌లో మరో రెండు వాక్యాలూ తప్పుదారి పట్టిస్తాయి. ‘ఈ ఆకర్షణ ఆపుకోవాలని ప్రయత్నించాను’ అన్నదాంట్లో ఎప్పుడన్నది లేదు. పద్దెనిమిదేళ్లప్పుడు ప్రయత్నించినవాళ్లు ముప్పై ఐదేళ్లకీ ఒప్పుకుంటారు. మారడానికి డాక్టర్ సాయం కావాలన్న వాక్యానికి, ఇంట్లోవాళ్లు లాక్కెళ్లినవాళ్లు కూడా ‘అవును’ అనేస్తారు. ఆ సాయం ‘ఇప్పుడు మీకు’ కావాలని ఉందా అని అడుగుతున్నట్టు స్పష్టం చేయండి.

ముగ్గురుండే పీజీ గదిలో కాగితం ఇస్తే నిజం రాదు. సొంత ఫోన్లో, పైన శీర్షిక కనబడని ఫారం ఇవ్వండి. మండలం, కంపెనీ, వయసు మూడూ అడిగితే పేరు అడిగినట్టే! ఇక్కడే చదువుకున్నవాళ్లలో చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ లిపి తడుముకుంటారు, వాళ్లకు ఆడియో రికార్డు చేసి పెట్టండి. ప్రైడ్ మార్చ్‌లో దొరికినవాళ్లనే అడిగితే స్కోర్లు అసలు కంటే తక్కువగా వస్తాయి, బయటపడనివాళ్లు అక్కడికి రారు గదా.

ఎక్కువమంది 1 చుట్టూనే గుమిగూడతారు కాబట్టి సగటుతో పాటు మధ్యస్థం (స్కోర్లను వరసగా పెడితే నడుమ వచ్చేది) కూడా రాయండి. ఇంత దాటితే జబ్బు అనే గీత ఈ స్కేలుకు లేదు. ఎవరికైనా వాళ్ల అంకె చూపించి ‘మీకు ఎక్కువే’ అనకండి. ఫారం చివర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ నంబరు 14416 పెట్టండి, తెలుగులోనూ మాట్లాడతారు.