సెల్టోస్ ముందు అద్దం మార్చాలా? ముందు మీ బండి ఏ ఏడాదిదో చూసుకోండి

మే నెలలో నా కియా సెల్టోస్ కారులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్నాను, అనంతపురం దాటాను, ముందు కంకర టిప్పర్ పోతోంది, కంకర మీద కప్పే పట్టా లేదు. ఒక రాయి ఎగిరొచ్చి అద్దానికి టక్‌మని తగిలింది. ఆగి చూస్తే కందిగింజంత గుంట, అంతే. బయట ఎండ మండిపోతోందని ఏసీ ఫుల్‌గా పెట్టి, గాలి అద్దం మీదికి తిప్పుకుని వెళ్లాను. పెనుకొండ వచ్చేసరికి ఆ గుంట నుంచి జానెడు బీట పాకింది. బెంగళూరు చేరేసరికి మూరెడైంది. నా బండి పుట్టింది ఆ పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోనే, అదే హైవే పక్కనున్న కియా ఫ్యాక్టరీలో, దాని ముందు నుంచే పగిలిన అద్దంతో వెళ్లాల్సి వచ్చినందుకు నిజంగా బాధేసింది.

ఆ తర్వాత నా 2020 బండికి, కొన్నాళ్లకు మా బావగారి 2023 బండికి అద్దం మార్పించాం. రెండూ సెల్టోస్‌లే కానీ పని మాత్రం వేరు వేరు, బిల్లు కూడా అంతే. పేరు ఒకటే కదా అని షాపువాడు తెచ్చింది పెట్టించుకుంటే ఎక్కడ దెబ్బతింటామో అప్పుడే అర్థమైంది. అందుకే బండి ఎలా మారుతూ వచ్చిందో ముందు చెప్తాను, అది తెలియకుండా గ్లాస్ ఆర్డర్ పెట్టొద్దు.

కియా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నది 2017 ఏప్రిల్‌లో. 2018 ఆటో ఎక్స్‌పోలో ఎస్‌పీ కాన్సెప్ట్ అని చూపించిన బండే 2019 ఆగస్టు 22న సెల్టోస్‌గా వచ్చింది, మొదటి ధర 9.69 లక్షల నుంచి. 1.5 లీటర్ పెట్రోల్, 1.5 లీటర్ డీజిల్, 140 పీఎస్ శక్తి ఇచ్చే 1.4 లీటర్ టర్బో పెట్రోల్ ఇంజిన్లు ఉండేవి. అద్దం విషయానికొస్తే ఈ బండ్లది సాదా పనే, అద్దం వెనక కెమెరా లేదు. పై వేరియంట్లలో హెడ్ అప్ డిస్‌ప్లే ఉంది కదా, దానికి స్పెషల్ గ్లాస్ కావాలని కొందరు షాపుల్లో భయపెడతారు. ఈ బండిలో స్పీడు అంకె పడేది డ్యాష్‌బోర్డ్ మీద ఉండే చిన్న పలక మీద, ముందు అద్దం మీద కాదు, కాబట్టి దాని పేరు చెప్పి ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదు.

2020 నవంబర్‌లో కార్ల భద్రతని పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ క్రాష్ టెస్టులో ఈ బండికి పెద్దవాళ్ల భద్రతలో ఐదింటికి 3 స్టార్లు వచ్చాయి, బాడీ షెల్ అస్థిరంగా ఉందన్నారు. 2022లో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు ఇచ్చారు. ఇవి అద్దానికి సంబంధం లేని సంగతులు అనుకోకండి. ముందు అద్దం బాడీకి గమ్‌తో అతుక్కుని ఉంటుంది, అది బాడీ బలంలో భాగం. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు పైకి లేచి అద్దానికి ఆనుకునే మనిషి వైపు తిరుగుతుంది, అద్దం సరిగ్గా అతకకపోతే ఆ దెబ్బకి అద్దమే ఊడి బయటికి పోవచ్చు, అప్పుడు ఎయిర్‌బ్యాగ్ ఉండీ లాభం లేదు. ఆ సీట్లో కూర్చునేది మన ఇంట్లో వాళ్లే.

2023 జులైలో ఫేస్‌లిఫ్ట్, అంటే అదే బండికి మార్పులు చేసిన మోడల్ వచ్చింది. పెద్ద సన్‌రూఫ్, 160 పీఎస్ 1.5 టర్బో ఇంజిన్ వచ్చాయి, పై వేరియంట్లకు అడాస్, అంటే కెమెరా, రాడార్‌లతో డ్రైవర్‌కి సాయపడే సిస్టమ్ వచ్చింది. అసలు మార్పు ఇదే. అద్దం లోపలి వైపు, మధ్య మిర్రర్ వెనక, ఒక కెమెరా కూర్చుంది, లేన్ గీతలు చూసేదీ, ముందు బండి దగ్గరైతే బ్రేక్ వేయడానికి రాడార్‌కి తోడుగా చూసేదీ అదే. దాన్ని పట్టుకునే బ్రాకెట్ అద్దానికే అతికి ఉంటుంది. ఇక 2026 జనవరిలో వచ్చిన రెండో తరం సెల్టోస్ పూర్తిగా కొత్త బాడీ, పొడవు 4,460 మిల్లీమీటర్లు, కొత్త ప్లాట్‌ఫామ్, దాని అద్దానికీ పాతవాటికీ పోలికే లేదు.

కాబట్టి గ్లాస్ ఆర్డర్ చేసేటప్పుడు "సెల్టోస్ ఫ్రంట్ గ్లాస్" అని ఊరుకోవద్దు. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబర్ ఇచ్చి దాని మీద పార్ట్ నంబర్ తీయించండి. మీ బండికి అడాస్ కెమెరా ఉందా, వాన పడితే తనే తిరిగే వైపర్ల సెన్సార్ ఉందా అన్నది ఫోటో తీసి పంపండి. పాత అద్దం కింది మూలలో కంపెనీ ముద్ర ఉంటుంది, మన దేశంలో ఎక్కువగా అసాహీ ఇండియా, సెయింట్ గోబెన్‌లవే కనిపిస్తాయి, దాని కింద ఐఎస్ఐ గుర్తు, లామినేటెడ్ అన్న మాట ఉంటాయి. ఆ ముద్ర ఫోటో ఒకటి దాచుకోండి, కొత్త అద్దం బిగించకముందే పక్కన పెట్టి పోల్చండి. ముద్రే లేని అద్దం తెస్తే వద్దని చెప్పేయండి, ఎంత తక్కువకి ఇస్తానన్నా సరే. అన్నట్టు లామినేటెడ్ అంటే రెండు గాజు పలకల మధ్య పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా ముక్కలు మన మీద పడకుండా పట్టుకునేది ఆ పొరే.

అసలు మార్చాల్సిన అవసరం ఉందా అన్నది కూడా చూడాలి. గుంట రూపాయి బిళ్లకన్నా చిన్నదై, డ్రైవర్ కంటి ఎదురుగా కాకుండా, అంచుకి దూరంగా ఉంటే రెసిన్ ఎక్కించి ఆపొచ్చు, అరగంట పని. దెబ్బ తగిలిన వెంటనే దాని మీద సెల్లో టేప్ అంటించండి, దుమ్మూ నీళ్లూ లోపలికి పోతే తర్వాత రెసిన్ పట్టదు. ఎండలో కాలిన అద్దం మీదికి చల్లగాలి తిప్పకండి, నీళ్లు కొట్టకండి. నేను ఆ రోజు ఈ రెండు మాటలు తెలిసి ఉంటే అద్దం మొత్తం మార్చాల్సిన పనే ఉండేది కాదు. బీట జానెడు దాటినా, అంచుకి తాకినా ఇక ఆలోచించొద్దు, మార్చేయండి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది తొందరపడతారు. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే అద్దానికి పైసా రాదు. ఫుల్ పాలసీ ఉంటే గాజుకి తరుగు కోత లేదు, అది మంచి విషయం, కానీ బీడింగ్‌కీ (అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) ప్లాస్టిక్‌కీ సగం కోత పడుతుంది, గమ్ లాంటివి కన్స్యూమబుల్స్ యాడ్ ఆన్ అనే అదనపు కవర్ లేకపోతే మన జేబు నుంచే. 1500 సీసీ లోపు బండ్లకి తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మనం పెట్టుకోవాల్సిన వాటా 1,000 రూపాయలు, సెల్టోస్ ఇంజిన్లన్నీ ఆ లోపలే. అసలు నష్టం నో క్లెయిమ్ బోనస్‌లో, అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపులో ఉంది. మీకు 50 శాతం బోనస్ ఉండి, ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మన బండికి జరిగే నష్టానికి కట్టేది) బోనస్ తీయకముందు ఏడాదికి 12,000 అనుకుందాం. అద్దానికి క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది బోనస్ సున్నా, అంటే 6,000 పోయింది. తర్వాత 20, 25, 35, 45 శాతాలుగా మళ్లీ మెట్లెక్కాలి, ఆ నాలుగేళ్లలో వరుసగా 3,600, 3,000, 1,800, 600 పోతాయి. మొత్తం 15,000. బండి పాతబడే కొద్దీ ప్రీమియం తగ్గుతుంది కాబట్టి అసలు లెక్క కొంచెం తక్కువే వస్తుంది, అయినా ఈ కూడిక వేసుకుని, బిల్లు అంతకన్నా తక్కువైతే చేతి నుంచి పెట్టుకోవడమే లాభం. బోనస్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉందేమో పాలసీ కాగితం తీసి చూడండి, ఉంటే నిశ్చింతగా క్లెయిమ్ చేయండి. క్లెయిమ్ చేసేటట్టయితే అద్దం ఊడదీయకముందే కంపెనీకి చెప్పి ఫోటోలు పంపాలి, ఊడదీశాక చెప్తే గొడవే.

ఇప్పుడు పని. ఇది ఇంట్లో చేసుకునేది కాదు, కానీ పక్కన నిలబడి చూడండి, ఏం జరగాలో తెలిస్తే తప్పు పట్టుకోగలరు. ముందు బ్యానెట్ మీదా డ్యాష్‌బోర్డ్ మీదా గుడ్డ పరుస్తారు, వైపర్ చేతులు, వాటి కింద ఉండే నల్ల ప్లాస్టిక్ ప్యానెల్, అద్దానికి రెండు వైపులా ఉండే పిల్లర్ల మీది ప్లాస్టిక్ కవర్లు, మధ్య మిర్రర్ తీస్తారు, అడాస్ ఉంటే కెమెరాని విప్పి మెత్తని గుడ్డలో పెట్టాలి, దాని లెన్స్‌ని వేలితో తాకకూడదు. తర్వాత సన్నటి తీగతోనో కత్తితోనో పాత గమ్‌ని కోసి, ఇద్దరు మనుషులు సక్షన్ కప్పులతో అద్దాన్ని ఎత్తుతారు.

ఇక్కడి నుంచి కళ్లు తిప్పకండి. ఫ్రేమ్ మీద పాత గమ్‌ని మొత్తం గీకేయకూడదు, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొర సమంగా ఉంచాలి, కొత్త గమ్ దానికే బాగా పట్టుకుంటుంది. గీకేటప్పుడు పెయింట్ లేచి ఇనుము కనిపిస్తే అక్కడ ప్రైమర్ రాయాల్సిందే, రాయకపోతే లోపల తుప్పు మొదలవుతుంది, విశాఖ, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో అయితే ఇంకా త్వరగా. కొత్త అద్దం అంచుని క్లీనర్‌తో తుడిచి ప్రైమర్ రాసి ఆరనివ్వాలి. ఆ తర్వాత వేసే గమ్ పాలీయురేథేన్ సీలెంట్, పీయూ అంటారు. మామూలు సిలికాన్ ట్యూబ్ తీస్తే పని ఆపించేయండి, అది కిటికీలకీ సింకులకీ వాడేది. పీయూ ట్యూబ్ మీద ఎక్స్‌పైరీ తేదీ చదవండి. దాన్ని ఎక్కడా తెగకుండా, ఫ్రేమ్ చుట్టూ ఒకే ధారగా, త్రికోణంలా నిలబడేలా వేయాలి. వేసిన కొద్ది నిమిషాల్లోనే అద్దం కూర్చోబెట్టాలి, మధ్యలో ఫోన్ వచ్చిందని ఆగితే పైపొర గట్టిపడి అతుకు బలహీనమవుతుంది. కూర్చోబెట్టాక రెండు వైపులా సందు సమానంగా ఉందో లేదో మీరే వేలితో తడిమి చూడండి.

నేను దెబ్బతిన్నది తర్వాత. "అన్నా, అరగంటలో బండి తీసుకెళ్లొచ్చు" అన్నాడు మొదటి షాపు కుర్రాడు, నేనూ సరే అన్నాను. వానాకాలం మొదటి వానకే డ్యాష్‌బోర్డ్ ఎడమ మూల నుంచి నీళ్లు కారాయి, కార్పెట్ కింద నానిపోయి వాసన పట్టింది. ఇంకోచోట అద్దం ఊడదీయిస్తే, అది బిగుసుకోకముందే కదిలిపోయిన గుర్తులు గమ్ మీద స్పష్టంగా కనిపించాయి. పీయూ ఆరేది ఎండకి కాదు, గాలిలో తేమతో. రాయలసీమలో మే నెల పొడి గాలికి వైజాగ్ కంటే ఎక్కువ టైమ్ పడుతుంది, ఎండ బాగుంది కదా త్వరగా ఆరిపోతుందనుకోవడం తప్పు. ఎన్ని గంటల తర్వాత బండి నడపొచ్చో ఆ ట్యూబ్ మీదో దాని కాగితంలోనో రాసి ఉంటుంది, ఆ రాతే మీకు లెక్క. కుదిరితే రాత్రంతా అక్కడే వదిలేయండి. మొదటి రోజంతా ఒక కిటికీ అంగుళం దించి ఉంచండి, అన్నీ మూసి డోర్ గట్టిగా వేస్తే లోపలి గాలి ఒత్తిడి అద్దాన్ని బయటికి నెడుతుంది. అద్దం కదలకుండా షాపువాళ్లు పైన అంటించే టేప్‌ని కనీసం ఒక రోజు పీకకండి. ప్రెజర్ వాటర్ వాష్ రెండు రోజులు వద్దు.

అడాస్ బండి అయితే ఇంకో పని మిగిలే ఉంటుంది, కాలిబ్రేషన్, అంటే కెమెరా చూపుని సరిగ్గా సెట్ చేయడం. కొత్త అద్దంలో కెమెరా వెంట్రుక వాసి పక్కకి తిరిగినా దూరాన ఉన్న బండి పక్క లేన్‌లో ఉన్నట్టు దానికి కనిపిస్తుంది. మా బావగారి బండికి అద్దం పెట్టాక డ్యాష్‌బోర్డ్‌లో వార్నింగ్ రాలేదు, బాగానే ఉందనుకున్నాం, తీరా ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ తనంతట తను ఒక పక్కకి లాగుతుంటే ఆయనకి చెమటలు పట్టాయి. కాబట్టి వార్నింగ్ లేదు అన్నది సరిపోదు. టార్గెట్ బోర్డు పెట్టిగానీ, స్కానర్ తగిలించి రోడ్డు మీద నడిపిగానీ కాలిబ్రేట్ చేసి, పూర్తయినట్టు స్క్రీన్ మీద చూపించాలి, ఆ ఫోటో తీసుకోండి. దీనికి విడిగా డబ్బు పడుతుంది, అద్దం రేటు అడిగేటప్పుడే ఇది కలిపారా లేదా అని అడగండి. అది అయ్యేదాకా లేన్ అసిస్ట్ (లేన్‌లో ఉంచడానికి స్టీరింగ్‌ని తనే తిప్పేది) ఆఫ్ చేసుకుని నడపండి.

బిగించిన రెండు మూడు రోజులకి, ఒకరు లోపల టార్చ్‌తో కూర్చుని, ఇంకొకరు పైన పైపుతో నెమ్మదిగా నీళ్లు పోయండి, మూలల దగ్గర పది నిమిషాలు. ఆ తర్వాత హైవే మీద 80లో ఏసీ, పాటలు ఆపి వినండి, పిల్లర్ దగ్గర ఈల లాంటి శబ్దం వస్తే బీడింగ్ సరిగ్గా కూర్చోలేదని అర్థం, వారంటీలో మళ్లీ చేయించుకోండి.

ఫాస్టాగ్ సంగతి మర్చిపోకండి, అది పాత అద్దం నుంచి పీకితే చిరిగి చచ్చుబడేలాగే తయారు చేస్తారు. అద్దం మార్చే ముందే బ్యాంకుకి చెప్పి కొత్త ట్యాగ్ తెప్పించుకుని ఉంచండి, బ్యాలెన్స్ అదే ఖాతాలో ఉంటుంది. ట్యాగ్ పని చేయకపోతే టోల్ దగ్గర ఎక్కువ కట్టాలి, 2025 నవంబర్ 15న వచ్చిన నియమం ప్రకారం యూపీఐతో కడితే ఒకటింపావు వంతు. చేత్తో పట్టుకుని చూపిద్దామనుకోవద్దు, అలా అంటించకుండా వాడే ట్యాగ్‌లను బ్లాక్‌లిస్టులో పెడుతున్నారు. కొత్తది మిర్రర్ వెనక అంటించేటప్పుడు కెమెరా ముందు నల్ల చుక్కల గీత మధ్య ఖాళీగా వదిలిన చోటుకి అడ్డం రాకుండా చూసుకోండి. హై సెక్యూరిటీ నంబర్ ప్లేట్‌తో పాటు ఇచ్చిన రంగు స్టిక్కర్, పెట్రోల్‌కి లేత నీలం, డీజిల్‌కి నారింజ, అది కూడా పాత అద్దంతోనే పోతుంది, దానికి మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి.