ఒకే రేకు, రెండు గాదెలు

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకును ఎటు చుట్టినా పట్టే వడ్లు ఒకటేనని నేనూ నమ్మాను. కోవూరులో దుకాణం తెరిచిన తొలి ఏడాది, ఇంటి మూల ఇరుకని ఒక రైతు అడిగితే, ఎనిమిదడుగుల ఎత్తున గొట్టంలాంటి గాదె చేసిచ్చాను. సగం వడ్లు వాకిట్లోనే మిగిలాయి. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండేది.

లెక్కకు దారం ముక్క చాలు. వ్యాసార్ధం కోసం కేంద్రం వెతకకండి, గుండ్రటి డబ్బాకు అది దొరికి చావదు. డబ్బా చుట్టూ దారం పెట్టి చుట్టుకొలత తీసుకోండి. దాన్ని ఎత్తుతో గుణిస్తే పక్క రేకు వైశాల్యం. చుట్టుకొలతను దానితోనే గుణించి 12.57తో, అంటే నాలుగు పైలతో (4π), భాగిస్తే గాదె అడుగున ఉండే గుండ్రటి బిళ్ల వైశాల్యం. బిళ్లను ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం.

పొట్టి గాదె చుట్టుకొలత 8, ఎత్తు 4 అడుగులు. 64ను 12.57తో భాగిస్తే 5.09, నాలుగింతలు చేస్తే 20.4 ఘనపు అడుగులు, సుమారు 577 లీటర్లు. పొడుగు దానికి చుట్టుకొలత 4, ఎత్తు 8. వచ్చేది 10.2 మాత్రమే. పక్క రేకు రెంటికీ 32 చదరపు అడుగులే. చుట్టుకొలత రెండుసార్లు గుణకంలోకి వస్తుంది, ఎత్తు ఒక్కసారే. నేను తప్పింది అక్కడే.

అడుగు బిళ్ల, మూత కలిపితే పొట్టిదానికి 42.2, పొడుగుదానికి 34.5 చదరపు అడుగుల రేకు పడుతుంది. అంటే 22 శాతం ఎక్కువ రేకుతో రెట్టింపు ధాన్యం.

మూత ఉన్న గాదెకు ఎత్తు, వ్యాసం సమానమైతే రేకు అన్నిటికన్నా తక్కువ పడుతుంది. ఇదే 20.4 ఘనపు అడుగులకు రెండూ దాదాపు మూడేసి అడుగులు, రేకు 41.3. పొట్టిదానితో పోలిస్తే ఒక చదరపు అడుగు కూడా మిగలదు. దానికోసం రేకు కోసి అతికే ఓపిక నాకు లేదు.

అతుకు మడతకు అంగుళం పోతుందని మరవకండి. పొట్టిదానిలో అది 2 శాతం నష్టం, పొడుగుదానిలో 4. స్థలం లేక పొడుగుదే కావాలంటే చేసిస్తాను. గోడకు కట్టుకోవాలి, వడ్లు పోయడానికి నిచ్చెన మీరే తెచ్చుకోవాలి.