కాగితంతో జపాన్ బొమ్మలు – 3వ పాఠం: ఎర్రావు తల ఊగాలంటే

పోయిన పాఠంలో అచ్చుల మీద అతికించిన కాగితం ఆరిందా? వేలితో తట్టండి. టకటకమంటే ఆరినట్టే. చప్పుడు మెత్తగా వస్తే ఇంకో రోజు ఎండలో పెట్టండి. పచ్చిగా ఉండగా కోస్తే బొమ్మ నొక్కుకుపోతుంది, మళ్లీ సరికాదు.

ఆరాక పొట్ట కింద బ్లేడుతో నిలువునా కోసి, అచ్చు బయటికి తీసి, కోత మీద కాగితం ముక్కలు అతికించండి. మెడకూ అంతే, కాకపోతే దాని వెనక కొసను మూయకండి.

మనం చేస్తున్నది ఆకాబెకో. ఫుకుషిమా ప్రాంతంలోని ఐజు బొమ్మ. 'ఆకా' అంటే ఎరుపు, 'బెకో' అంటే అక్కడి యాసలో ఆవు. ఒంటి మీది నల్లమచ్చలు మశూచి గుర్తులని చెబుతారు. మన పెద్దలు 'అమ్మవారు పోసింది' అనే జబ్బే అది. అది పిల్లల జోలికి రాకుండా ఈ ఆవు కాస్తుందని అక్కడి తల్లులు నమ్మేవారు. అందుకే దీని తల ఊగితే నాకు అంత ముచ్చట.

ఇక అసలు పని. తంజావూరు బొమ్మ తల కింద ఆనుకుని ఆడుతుంది. ఆకాబెకో తల దారానికి వేలాడుతుంది. మెడ వెనక కొస ఒంట్లోకి వెళ్లాలి, చుట్టూ చిటికెనవేలు పట్టేంత సందు ఉండాలి. మెడ పైభాగాన దారం కట్టి, రెండో కొసను ఒంటి రంధ్రం పై అంచుకు ముడేయండి. దారం మెడ కింద కడితే తల తిరగబడుతుంది.

ఇప్పుడు వదిలి చూడండి. తల వాలిపోతుంది. మెడ వెనక కొసలో చింతగింజంత బంకమట్టి పెట్టండి. ఇంకా వాలితే ఇంకో గింజంత. ముట్టె పైకి లేస్తే కాస్త గిల్లేయండి. ఈ పనికి నాకు ఒక్కోసారి గంట పడుతుంది. మెల్లగా ఊదితే తల పైకీ కిందికీ, పక్కలకీ ఆడి తనంతట తాను నెమ్మదించాలి.

మట్టిని అప్పుడే జిగురుతో బిగించకండి. రంగుకు కూడా బరువుంటుంది. నా మొదటి ఆవుకి మట్టి బిగించేసి తర్వాత రంగు వేశాను. తల మళ్లీ లేవలేదు, మెడ కోయాల్సి వచ్చింది.

వచ్చే పాఠంలో ఎరుపు కింద వేసే తెల్లపూత. జపాన్‌లో దానికి ఆల్చిప్పల పొడిని జంతువుల జిగురులో కలుపుతారు. అందాకా దారం విప్పి, తలను విడిగా దాచండి.