రిపీటర్ మీద మొదటి పలకరింపు

హ్యామ్ రేడియో లైసెన్స్ పరీక్ష పాసైనవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఏ రేడియో సెట్ కొనమంటారని. నేను ఎదురు అడిగేది మీకు అందుబాటులో ఉన్న రిపీటర్, అంటే మన మాటను అందుకుని తిరిగి పంపే స్టేషన్, ఏదని. అది రెండు మీటర్ల బ్యాండులో ఉందా, డెబ్బై సెంటీమీటర్లలోనా, అనలాగా, డిజిటలా అన్నది తెలిస్తేనే సెట్ సంగతి తేలేది. డీఎంఆర్, డీ-స్టార్ లాంటి డిజిటల్ రిపీటర్లకు వాటికి తగ్గ సెట్టే కావాలి. మామూలు ఎఫ్‌ఎం రిపీటరైతే రెండు బ్యాండ్ల మీదా పనిచేసే సాదాసీదా హ్యాండీ (చేతిలో పట్టే సెట్) చాలు. మొదటి సెట్ మీదే డబ్బంతా కుమ్మరించకుండా, యాంటెన్నాకి కొంత దాచుకోండి.

పరీక్ష ఇంకా రాయనివాళ్లు ముందు వినడంతో మొదలుపెట్టొచ్చు. వినడానికి ఉన్న నియమాలు దేశాన్ని బట్టి మారతాయి, మీ దగ్గర ఎలా ఉందో చూసుకోండి. కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే మీ గుర్తింపు పేరు) రాకముందు పీటీటీ (మాట్లాడేందుకు నొక్కే బటన్) నొక్కడం మాత్రం కుదరదు. సెట్ కొన్నంత మాత్రాన మాట్లాడే హక్కు రాదు.

చేతిలో పట్టే సెట్ పవర్ సాధారణంగా 5 వాట్లు. ఈ రెండు బ్యాండ్ల (వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్) తరంగాలు దాదాపు కంటిచూపు దారిలోనే వెళ్తాయి కాబట్టి, నేల మీద నిలబడి మాట్లాడితే భవనాల మధ్య కొద్ది కిలోమీటర్లకే మాట తేలిపోతుంది. అదే కొండ మీదో ఎత్తైన టవర్ మీదో ఉన్న రిపీటర్ మన మాటను ఒక ఫ్రీక్వెన్సీలో విని, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో గట్టిగా తిరిగి పంపుతుంది. మనం వినేది దాని అవుట్‌పుట్, మాట్లాడేది దాని ఇన్‌పుట్. సెట్‌లో సరిచేసుకోవాల్సిన మూడింటికీ మూలం ఇదే: ఫ్రీక్వెన్సీ, ఆఫ్‌సెట్ (అవుట్‌పుట్‌కీ ఇన్‌పుట్‌కీ మధ్య తేడా), టోన్.

రిపీటర్ అవుట్‌పుట్ 145.650 మెగాహెర్ట్జ్, ఆఫ్‌సెట్ మైనస్ 600 కిలోహెర్ట్జ్ అనుకుందాం. సెట్‌లో 145.650 పెట్టి, షిఫ్ట్ దిశ మైనస్ చేసి, ఆఫ్‌సెట్ 0.600 ఇవ్వాలి. పీటీటీ నొక్కగానే డిస్‌ప్లే మీద అంకె 145.050కి మారాలి, వదలగానే 145.650కి తిరిగి రావాలి. మారకపోతే ఆఫ్‌సెట్ ఎక్కలేదన్నట్టే. చాలా సెట్లలో దిశకు ఒక మెనూ, అంకెకు ఇంకో మెనూ ఉంటాయి, రెండోది మర్చిపోవడం మామూలే. రెండు మీటర్లలో 600 కిలోహెర్ట్జ్ చాలాచోట్ల వాడుక. డెబ్బై సెంటీమీటర్లలో మాత్రం దేశానికో రకం, అమెరికాలో 5 మెగాహెర్ట్జ్. అందుకే ఊహించకుండా మీ రిపీటర్ వివరాలు చూసే పెట్టుకోండి.

ఇక టోన్. సీటీసీఎస్‌ఎస్ అంటారు. 67.0 నుంచి 254.1 హెర్ట్జ్ దాకా ఉండే మంద్రమైన ధ్వని మన మాటతోపాటే వెళ్తుంది, అవతలివాళ్లకు మామూలుగా వినపడదు. తనకు చెప్పిన టోన్ వస్తేనే రిపీటర్ తలుపు తీస్తుంది, దూరంగా ఉన్న వేరే సిగ్నళ్లకూ రణగొణకూ తెరుచుకోకుండా. టోన్ తప్పితే మీరు ఎంత అరిచినా అక్కడ చలనం ఉండదు. ఇక్కడ కొత్తవాళ్లు ఇరుక్కునే ఒక చోటుంది: సెట్‌లో పంపే టోన్ వేరు, వినేటప్పుడు చూసే టోన్ వేరు. మొదట్లో పంపేది మాత్రమే పెట్టి, వినే టోన్ ఆఫ్‌లో ఉంచండి. కొన్ని రిపీటర్లు అవుట్‌పుట్‌లో టోన్ పంపవు, మీ సెట్ దాని కోసం కాచుకుని నోరు మూసుకుని కూర్చుంటుంది. బిజీ ఛానల్ లాకౌట్ (ఛానల్ మీద సిగ్నల్ ఉన్నంతసేపు పంపనివ్వని సెట్టింగ్) ఉంటే అదీ తీసేయండి. లేకపోతే రిపీటర్ సిగ్నల్ ఇంకా ఆగకముందు పీటీటీ నొక్కితే సెట్ మాట పంపదు.

యాంటెన్నా బిగించకుండా పీటీటీ జోలికి పోవద్దు, ట్రాన్స్‌మిటర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

మా రిపీటర్ మీద జరిగే నెట్‌కి (అందరూ వరసగా మాట్లాడే రేడియో సమావేశానికి) కంట్రోలర్‌గా కూర్చుంటాను కాబట్టి కొత్త గొంతుల్ని వింటూనే ఉంటాను. చాలామందిలో వినపడనిది కాల్‌సైన్‌లో మొదటి అక్షరం. పీటీటీ నొక్కిన క్షణంలోనే నోరు విప్పుతారు. రిపీటర్ టోన్‌ని గుర్తుపట్టి ట్రాన్స్‌మిటర్ లేపేలోపు ఆ అక్షరం గాల్లో కలిసిపోతుంది. నొక్కండి, ఒక సెకను ఆగండి, అప్పుడు మాట్లాడండి. మైకు నోటికి నాలుగైదు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు ఉంటే ఊపిరి శబ్దం పడదు.

ఏం మాట్లాడాలన్న టెన్షన్ అక్కర్లేదు. ముందు కొన్ని సాయంత్రాలు వినండి. ఎవరూ మాట్లాడటం లేదని రూఢి చేసుకున్నాక కాల్‌సైన్ చెప్పి, చివర "లిజనింగ్" అంటే చాలు. షార్ట్‌వేవ్‌లోలా సీక్యూ సీక్యూ అని పొడుగ్గా పిలవడం రిపీటర్ మీద వాడుక కాదు. కాల్‌సైన్‌ని ఆల్ఫా, బ్రావో, చార్లీ పద్ధతిలో విడదీసి చెప్పండి. బీ, డీ, ఈ, పీ అన్నీ రేడియోలో ఒకేలా వినిపిస్తాయి. అవతలి మనిషి ముగించాక బీప్ వచ్చేదాకా ఆగండి. ఆ చిన్న ఖాళీ అత్యవసరంగా మాట్లాడాల్సినవాళ్ల కోసం. పైగా చాలా రిపీటర్లలో టైమ్‌అవుట్ టైమర్ ఉంటుంది, తరచుగా మూడు నిమిషాలకు పెడతారు. ఏకబిగిన ఉపన్యాసమిస్తే మధ్యలో కోసేస్తుంది. కొందరికి అది చాలా అవసరం కూడా!

కాల్‌సైన్ చెప్పకుండా పీటీటీ టక్కున నొక్కి, రిపీటర్ తోక (మాట ఆగాక కాసేపు మిగిలే సిగ్నల్) విని వదిలేసే అలవాటు మాత్రం నాకు చిరాకు. పరీక్షించాలంటే కాల్‌సైన్ చెప్పి "టెస్ట్" అనండి, అయిపోతుంది.

"నాకు మీటర్ నిండా సిగ్నల్ వస్తోంది, నా మాట ఎందుకు అందట్లేదు?" అని అడుగుతుంటారు. మీ మీటర్ చూపించేది రిపీటర్ బలాన్ని, మీది కాదు. దానికి ఎత్తు ఉంది, మంచి యాంటెన్నా ఉంది, మీ హ్యాండీకన్నా ఎక్కువ పవర్ ఉంటుంది. మీ సిగ్నల్ ఎలా ఉందో చెప్పగలిగేది అవతల వినేవాళ్లే. గరగర వస్తోందంటే ముందు చోటు మారండి. రెండు మీటర్ల బ్యాండులో గోడల మీద పడి వచ్చిన తరంగాలూ నేరుగా వెళ్లేవీ ఒకదాన్నొకటి చెరిపేసుకునే చోట్లు ఉంటాయి, అరడుగు జరిగితే మాట తేటపడొచ్చు. యాంటెన్నా నిటారుగా ఉంచండి. రిపీటర్ యాంటెన్నాలు నిలువుగా ఉంటాయి, మీది అడ్డంగా వాలిస్తే సిగ్నల్ బాగా పడిపోతుంది. సెట్‌ని నడుముకు తగిలించి స్పీకర్ మైకుతో మాట్లాడితే శక్తిలో చాలా భాగం మీ ఒంటికే పోతుంది.

ఇంకా చాలకపోతే యాంటెన్నా కనెక్టర్ బయటి వలయానికి ఒక తీగ కలిపి కిందికి వేలాడదీయండి, దాదాపు 49 సెంటీమీటర్లు. రెండు మీటర్ల బ్యాండులో అది పావు తరంగదైర్ఘ్యం. పొట్టి రబ్బరు యాంటెన్నాకు లేని రెండో సగాన్ని ఆ తీగ ఇస్తుంది. సెట్ మార్చకుండా ఇంత తేడా తెచ్చే పని ఇంకోటి నాకు తెలియదు. 5 వాట్లని 10 చేసినా పెరిగేది 3 డెసిబెల్సే.

అందరూ మీ గొంతు చిన్నగా వినపడుతోందంటే, సెట్ న్యారోలో (ఇరుకు బ్యాండ్‌విడ్త్‌లో) ఉందేమో చూడండి. రిపీటర్ వైడ్‌లో నడుస్తుంటే మీరు ఎంత దగ్గరగా మాట్లాడినా గొంతు చిన్నగానే వినిపిస్తుంది.

ఈ మూడు సెట్టింగులతోనే అంతరిక్ష కేంద్రంలోని రిపీటర్‌నీ అందుకోవచ్చు, అది ఆన్‌లో ఉన్నప్పుడు. పంపేది 145.990, వినేది 437.800, టోన్ 67.0. కేంద్రం దూసుకుపోతుంటుంది కాబట్టి డాప్లర్ ప్రభావం వల్ల వినే ఫ్రీక్వెన్సీ అటూఇటూ 10 కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. ఐదైదు కిలోహెర్ట్జ్ తేడాతో కొన్ని మెమరీలు ముందే పెట్టుకుంటే ఒక్కోటి మారుస్తూ వినొచ్చు.

ఒక మిత్రుడితో కబుర్లు సాగుతుంటే మధ్యలో రివర్స్ బటన్ (వినే, పంపే ఫ్రీక్వెన్సీలను తారుమారు చేసేది) నొక్కి చూడండి. రిపీటర్ ఇన్‌పుట్‌లో ఆయన గొంతు నేరుగా వినపడితే మీ ఇద్దరికీ రిపీటర్ అక్కర్లేదు. ఒక సింప్లెక్స్ ఫ్రీక్వెన్సీ (రిపీటర్ లేకుండా నేరుగా మాట్లాడుకునేది) చెప్పుకుని అక్కడికి వెళ్లిపోతే, ఇక్కడ ఇంకొకరు పిలుచుకుంటారు.